‘మా కాలేజీయే ఎందుకు?’ అని అడిగితే ఏం రాయాలి

విదేశీ కాలేజీలకు అప్లికేషన్లు పెట్టే కాలం వచ్చిందంటే తెలిసినవాళ్ల పిల్లలు, ఆ పిల్లల స్నేహితులు నాకు డ్రాఫ్టులు పంపిస్తుంటారు. ‘ఆంటీ, ఒక్కసారి చూసిపెట్టండి’ అని. మిగతా ఎస్సేలు ఎంతో కొంత బాగానే ఉంటాయి. ఓడిపోయిన మ్యాచ్ గురించో, పనిచేయని రోబో గురించో రాస్తున్నప్పుడు పిల్లల సొంత గొంతు వినిపిస్తుంది. ‘మా కాలేజీలోనే ఎందుకు చదవాలనుకుంటున్నారు?’ అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ఒకే బ్రోషర్ ముందు పెట్టుకుని కాపీ కొట్టినట్టు ఉంటుంది. ప్రపంచస్థాయి అధ్యాపకులు, అత్యాధునిక ల్యాబులు, అందమైన క్యాంపస్, రకరకాల నేపథ్యాల విద్యార్థులు. కాలేజీ పేరు మీద వేలు పెట్టి మూసేస్తే అది ఎవరికి రాసిందో నేను చెప్పలేను. రాసినవాళ్లూ చెప్పలేరు.

అడ్మిషన్స్ ఆఫీసులో కూర్చున్న మనిషికి వాళ్ల కాలేజీ గొప్పదని మనం చెప్పక్కర్లేదు. ఆ బ్రోషర్ అచ్చు వేయించింది వాళ్లే. వాళ్లకు తెలియనిది మన సంగతి. ఇక్కడికొస్తే ఈ అమ్మాయి ఏం చేస్తుంది, ఇక్కడి పద్ధతిలో ఇమడగలదా, సీటిస్తే నిజంగా వస్తుందా? ఈ మూడింటికీ జవాబు దొరక్కపోతే ఇంగ్లిష్ ఎంత బాగున్నా లాభం లేదు.

ముందు, ఆ ప్రశ్న ఎక్కడ అడుగుతున్నారో చూసుకోండి

అమెరికాలో చాలా కాలేజీలు వాడే కామన్ యాప్‌లో 250 నుంచి 650 పదాల ప్రధాన ఎస్సే ఒకటి ఉంటుంది. ఆ ఒక్కటే అది అడిగే కాలేజీలన్నిటికీ వెళ్తుంది. అందులో ఏ కాలేజీ పేరూ రాయకూడదు. ‘మా కాలేజీయే ఎందుకు’ అన్నది ఆయా కాలేజీలు విడిగా అడిగే సప్లిమెంట్‌లో వస్తుంది. ఆ సప్లిమెంట్లు చాలా చిన్నవి. యేల్ యూనివర్సిటీ ఇటీవలి ఏళ్లలో ఈ ప్రశ్నకు ఇచ్చిన జాగా 125 పదాలు. అంత చిన్నచోట ‘చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం’ అని మొదలుపెడితే అసలు విషయానికి వచ్చేలోపే బాక్సు నిండిపోతుంది. మొదటి వాక్యంలోనే కారణం ఉండాలి.

బ్రిటన్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ ద్వారా ఐదు చోట్ల వరకూ అప్లై చేయొచ్చు, కానీ అన్నిటికీ వెళ్లేది ఒకే స్టేట్‌మెంట్. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మొత్తం 4,000 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఒక్కో జవాబు కనీసం 350 అక్షరాలు ఉండాలి. మొదటి ప్రశ్న ఈ కోర్సు ఎందుకు అని అడుగుతుంది, ఈ కాలేజీ ఎందుకు అని కాదు. అందులో ఒక యూనివర్సిటీని పొగిడితే మిగతా నలుగురూ చదువుతారు. వాళ్లకేం అనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

ఎంఎస్, పీహెచ్‌డీలకు రాసే ఎస్‌ఓపీల్లో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ఇది సాధారణంగా చివరి పేరాల్లో వస్తుంది. చదివేది చాలావరకు డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లే కాబట్టి అక్కడ క్యాంపస్ అందాలు అసలు పనికిరావు.

కాలేజీ దేన్ని బలవంతం చేస్తుందో వెతకండి

నేను పిల్లలకు చెప్పేది ముఖ్యంగా ఇదే. కాలేజీ ఇచ్చే సౌకర్యాలను కాసేపు పక్కన పెట్టి, అది విద్యార్థుల చేత తప్పనిసరిగా చేయించేది ఏమిటో చూడండి. సౌకర్యాలు ఎక్కడైనా ఉంటాయి. నియమాలు మాత్రం ఒక్కో కాలేజీకి ఒక్కోలా ఉంటాయి. పక్కవాడు ‘బాబోయ్, ఇది నావల్ల కాదు’ అనే నియమం మీకు నచ్చిందంటే కారణం దొరికినట్టే.

న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో కోర్ కరిక్యులం, అంటే అందరూ తప్పక చదవాల్సిన కోర్సుల పద్ధతి, 1919లో మొదలైంది. ఇంజినీర్ కాదలచినా, ఎకనామిస్టు కాదలచినా కాలేజీ విద్యార్థులు అందరితో కలిసి అవే ప్రాచీన గ్రంథాలు, అదే తత్వశాస్త్రం చిన్న తరగతుల్లో కూర్చుని చర్చించాలి... అని నేను ఒక డ్రాఫ్టులో చదివాను, అందులో సగమే నిజం. కొలంబియాలో ఇంజినీరింగ్ వేరే స్కూలు, వాళ్లకు కోర్‌లో కొంత భాగమే వర్తిస్తుంది. ఇలాంటివి డిగ్రీ రిక్వైర్‌మెంట్స్ పేజీ చదివితే తెలుస్తాయి, యూట్యూబ్ వీడియో చూస్తే తెలియవు. బ్రౌన్ యూనివర్సిటీ దీనికి సరిగ్గా ఎదురు. 1969లో వచ్చిన ఓపెన్ కరిక్యులం ప్రకారం, ఎంచుకున్న సబ్జెక్టుకు కావలసినవి, రాత నైపుణ్యానికి సంబంధించిన ఒక నిబంధన తప్ప, అందరూ తప్పక చదవాల్సిన కోర్సుల జాబితా అంటూ లేదు. సెయింట్ జాన్స్ కాలేజీ ఇంకో కొస. 1937 నుంచి అక్కడ అందరికీ ఒకే పాఠ్యక్రమం, మేజర్ (ప్రధానంగా ఎంచుకునే సబ్జెక్టు) అన్న మాటే లేదు.

ఇప్పుడు చెప్పండి, ఒకే అబ్బాయి కొలంబియాకు ‘నాకు స్వేచ్ఛ కావాలి’ అని, బ్రౌన్‌కు ‘నాకు దిశానిర్దేశం కావాలి’ అని రాస్తే ఎలా ఉంటుంది? నవ్వకండి, అలాంటి డ్రాఫ్టులు నా దగ్గరికి వస్తాయి. రెండు చోట్లా అప్లై చేయడంలో తప్పేం లేదు. కానీ ఒక్కోదానికి మీలోని వేరే మనిషి జవాబివ్వాలి. తనంతట తాను ఎప్పటికీ తెరవని పుస్తకాలను ఎవరైనా పట్టుబట్టి చదివిస్తే బాగుండు అనుకునే మనిషి కొలంబియాకు రాస్తాడు. లింగ్విస్టిక్స్‌నీ కంప్యూటర్ సైన్స్‌నీ తనకు తోచిన పాళ్లలో కలుపుకోవాలనుకునే మనిషి బ్రౌన్‌కు రాస్తాడు. ఇద్దరూ ఒకే కుర్రాడిలో ఉండొచ్చు. ఉన్నారా లేదా అన్నది అతనే తేల్చుకోవాలి, నేను తేల్చలేను.

రీడ్ కాలేజీని చూడండి. అక్కడ చివరి సంవత్సరంలో ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాల్సిందే. ప్రిన్స్‌టన్‌లో కూడా దాదాపు అందరికీ అది ఉంటుంది. ఏడాదిపాటు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చోవడమంటే కొందరికి నరకం, కొందరికి పండగ. రీడ్‌లో 1968 నుంచి ఒక చిన్న పరిశోధక అణు రియాక్టర్ కూడా ఉంది. దాన్ని నడిపేవాళ్లలో ఎక్కువమంది లైసెన్సు పొందిన డిగ్రీ విద్యార్థులే. ఫిజిక్స్ పిల్లలు ఇది చూడగానే ఎగిరి గంతేస్తారు, ‘రియాక్టర్ ఉందట’ అని ఎస్సేలో రాసేస్తారు. అది చాలదు. లైసెన్సు కోసం శిక్షణ తీసుకుంటారా, దాంతో ఏం కొలవాలనుకుంటున్నారు, ఇంతకుముందు మీ చేతులతో దేన్నైనా కొలిచారా? రీడ్ గురించి ఇంకో ముచ్చట. యూఎస్ న్యూస్ ర్యాంకింగులకు సమాచారం ఇవ్వడం ఆ కాలేజీ 1995లోనే మానేసింది. అలాంటి చోటికి ‘మీ అద్భుతమైన ర్యాంకు నన్ను ఆకర్షించింది’ అని రాస్తే, అది చదివేవాళ్ల ముఖం నాకు చూడాలని ఉంటుంది.

చదువుకూ పనికీ ముడిపెట్టే కాలేజీలూ ఉన్నాయి. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ కో-ఆప్ పద్ధతితోనే 1957లో పుట్టింది. నాలుగు నెలలు చదువు, నాలుగు నెలలు ఉద్యోగం, అలా మారుతూ ఉంటుంది. ‘మంచి ప్లేస్‌మెంట్లు’ అని రాసే బదులు, ఏటేటా మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్లడం, ఊళ్లు మారడం మీకు ఎందుకు నచ్చిందో రాయండి.

ఎక్కడ చదవాలి

హోమ్‌పేజీ కాదు. కోర్సు కేటలాగ్, డిపార్ట్‌మెంట్ వాళ్ల డిగ్రీ నిబంధనల పేజీ, దొరికితే పాత సిలబస్‌లు, ఆ కాలేజీ విద్యార్థులు నడిపే పత్రిక. పత్రికలో ఫిర్యాదులు ఎక్కువుంటాయి, అదే మనకు కావలసింది. అవన్నీ చదివాక కూడా వెళ్లాలనిపిస్తే ఆ కోరిక గట్టిది. చాలా అమెరికా కాలేజీలు కామన్ డేటా సెట్ అనే పత్రాన్ని కూడా బయటపెడతాయి. అందులో సీ7 అనే చోట, ఎంపికలో వేటికి ఎంత ప్రాధాన్యం ఇస్తారో పట్టిక ఉంటుంది. అభ్యర్థి చూపే ఆసక్తి అన్నది అందులో ఒక వరస. దాన్ని లెక్కలోకి తీసుకుంటామని ఒక కాలేజీ చెప్పిందంటే ఈ జవాబుకు ఇంకాస్త సమయం పెట్టండి.

ప్రొఫెసర్ల పేర్ల గురించి ఒక హెచ్చరిక. పేర్లు వరసగా పేర్చడం పరిశోధన కాదు. ఆ ప్రొఫెసర్ పేరు పక్కన ‘ఎమెరిటస్’ అని ఉంటే రిటైర్ అయ్యారని అర్థం. ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోయి ఉండొచ్చు కూడా. ఎంఎస్‌కైతే ఒకరిద్దరి ఇటీవలి పేపర్లు చదివి, అందులో మీకు ఎక్కడ ప్రశ్న మిగిలిందో రాయండి. డిగ్రీకైతే ప్రొఫెసర్ కంటే కోర్సు పేరు చెప్పడం మేలు. అది కూడా ప్రస్తుత కేటలాగ్‌లో ఉందో లేదో చూసుకున్నాకే.

ఒక పేరా తీసుకుని చూద్దాం

కొలరాడో కాలేజీలో 1970 నుంచి బ్లాక్ ప్లాన్ నడుస్తోంది. మూడున్నర వారాల పాటు ఒకే ఒక్క కోర్సు, అది అయ్యాక ఇంకోటి. దాని గురించి వచ్చే మామూలు పేరా ఇలా ఉంటుంది:

‘మీ ప్రత్యేకమైన బ్లాక్ ప్లాన్ నన్ను ఎంతగానో ఆకర్షించింది. చిన్న తరగతులు, అనుభవజ్ఞులైన ప్రొఫెసర్లు నా ఎదుగుదలకు తోడ్పడతారు. జియాలజీలో నా ఆసక్తిని ఇక్కడ మరింత పెంచుకోగలను.’

ఇందులో అబద్ధమేమీ లేదు. రాసిన మనిషే కనిపించడం లేదు. అదే విషయాన్ని ఒక అమ్మాయి ఇలా రాస్తుందనుకోండి, ఇది నేను ఊహించి రాసినదే:

‘రాళ్ల గురించి నాకు తెలిసినదంతా ఒక పాత క్వారీలో నేర్చుకున్నదే. పొరలు గీసుకోవడం సగంలో ఉండగానే చీకటి పడేది, మర్నాడు వేరే పరీక్ష ఉండేది, మళ్లీ వెళ్లేసరికి ఎక్కడ ఆపానో మర్చిపోయేదాన్ని. మీ దగ్గర ఒకసారి ఒకే కోర్సు కాబట్టి క్లాసంతా కొన్ని రోజులు ఫీల్డులో ఉండిపోయినా ఇంకో క్లాసు పోదు. నాకు కావలసింది అది. లెక్కలు మాత్రం నేను నెమ్మదిగా నేర్చుకుంటాను, మూడున్నర వారాల్లో కాల్‌క్యులస్ అంటే భయంగానే ఉంది. అందుకే దాన్ని మొదటి సంవత్సరంలోనే, సాయం అడగడానికి మొహమాటపడకుండా, ముగించాలనుకుంటున్నాను.’

భయం గురించి రాసిన ఆ వాక్యాన్ని కొట్టేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కొట్టేయకండి. బ్లాక్ ప్లాన్ వల్ల కష్టం ఎక్కడొస్తుందో ఆమె ఆలోచించిందని చెప్పేది ఆ ఒక్క వాక్యమే. నాకు అందులో ఇంకా అసంతృప్తి ఉంది. ఏ జియాలజీ కోర్సు అన్నది చెప్పలేదు. కేటలాగ్ తెరిచి ఒక పేరు పెడితే సరిపోతుంది.

రాయకూడని నిజాలు

స్కాలర్‌షిప్ వస్తుందని, అన్నయ్య ఆ ఊళ్లోనే ఉన్నాడని, అమ్మానాన్నలకు ఆ పేరు ఇష్టమని... ఇవన్నీ న్యాయమైన కారణాలే. నిర్ణయం తీసుకోవడానికి వాడుకోండి, ఎస్సేలో మాత్రం వద్దు. వాతావరణం, నగరం కూడా అంతే, చదువుతో సంబంధం ఉంటే తప్ప. సముద్రశాస్త్రం చదివేవాళ్లు కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ సముద్రం ఒడ్డునే ఉందని రాస్తే అది కారణం. బీచ్ బాగుంటుందని రాస్తే కాదు.

పేర్ల దగ్గర జాగ్రత్త. కార్నెల్ యూనివర్సిటీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో ఉంది, కార్నెల్ కాలేజీ అయొవాలో ఉంది. కాలేజీయే వయసులో పెద్దది. మయామీ యూనివర్సిటీ ఉన్నది ఒహాయోలో, ఫ్లోరిడాలో ఉన్నది యూనివర్సిటీ ఆఫ్ మయామీ. ఒకచోట రాసింది ఇంకోచోట పేస్ట్ చేసేటప్పుడు పాత కాలేజీ పేరు మిగిలిపోవడం మామూలే, కాబట్టి పంపేముందు పాత పేర్లన్నీ సెర్చ్ కొట్టి చూడండి.

ఇంత వెతికినా ఒక కాలేజీకి కారణం దొరకలేదంటే, అది మీ జాబితాలోకి ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించండి. చాలాసార్లు ఎవరో చెప్పారని చేరి ఉంటుంది. తీసేస్తే ఆ సమయం మిగతా వాటికి దక్కుతుంది.

ఇంటర్వ్యూ ఉంటే ఇదే ప్రశ్న నోటితో అడుగుతారు. ఎస్సే అప్పజెప్పకండి. అందులో చోటు చాలక వదిలేసిన రెండో కారణాన్ని చెప్పండి. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు. వెబ్‌సైట్‌లో దొరికే విషయం అడగొద్దు. ఎదురుగా ఉన్నది ఆ కాలేజీలో చదివిన మనిషైతే, అక్కడి ఏ నియమం వాళ్లను అన్నిటికంటే ఎక్కువ విసిగించిందో అడగండి, వాళ్లు చెబుతుంటే నోట్ చేసుకోండి.