విమాన ప్రమాదాల పట్టిక కట్టడం – నాలుగో పాఠం: ‘దగ్గర’ అంటే ఎంత దగ్గర?

గత పాఠం చివర నల్లసముద్రపు ఒడ్డున ఉన్న రష్యా రేవు పట్టణం సోచికి సంబంధించిన ఐదు ప్రమాదాలను ఇచ్చి, వాటిని ఒకే పట్టికలోకి తెచ్చి, మృతుల సంఖ్యను కూడి పంపమని అడిగాను. ఒకరికి 314 వచ్చింది, ఒకరికి 315, కొందరికి 392, మరికొందరికి 393. ఒక పాఠకురాలు ఎంతో ఓపికగా, ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ 502 తేల్చారు. చిత్రమేమిటంటే ఇందులో ఏ ఒక్కరి కూడికా తప్పు కాదు. అందుచేత దర్యాప్తు నివేదికను చదవడం గురించి ఈసారి చెబుతానన్న మాటను వాయిదా వేసి, ఈ అంకెలు ఎక్కడ చీలిపోయాయో ముందు చూద్దాం.

మళ్లీ వెతుక్కోనక్కరలేకుండా ఆ ఐదూ ఇవి. 1972 అక్టోబరు 1న సోచి నుంచి మాస్కోకు బయలుదేరి సముద్రంలో పడిపోయిన ఏరోఫ్లోట్ వారి ఇల్యూషిన్-18, అందులో ఉన్న 109 మందీ మరణించారు. 2001 అక్టోబరు 4న టెల్ అవీవ్ నుంచి నోవోసిబిర్స్క్ వెళ్తున్న సైబీరియా ఎయిర్‌లైన్స్ వారి టుపొలెవ్-154, 78 మంది. 2006 మే 3న యెరెవాన్ నుంచి వచ్చి సోచిలో దిగబోతూ సముద్రంలో పడిన ఆర్మావియా ఎయిర్‌బస్-320, 113 మంది. 2016 డిసెంబరు 25న సోచిలో ఇంధనం నింపుకొని సిరియాకు బయలుదేరిన రష్యా రక్షణ శాఖ టుపొలెవ్-154, 92 మంది. చివరిది 2018 సెప్టెంబరు 1న దిగుతూ రన్‌వే దాటి మ్జిమ్తా నది గర్భంలోకి దూసుకెళ్లి మంటలు అంటుకున్న యూటెయిర్ బోయింగ్-737. అందులోని వారంతా ప్రాణాలతో బయటపడ్డారు, కాని సహాయక చర్యల్లో ఉన్న విమానాశ్రయ ఉద్యోగి ఒకరు గుండెపోటుతో మరణించారు.

502 సంగతి ముందు తేల్చేస్తాను, అది చిన్నది. సోచి విమానాశ్రయం ఉన్నది అడ్లెర్‌లో. నగర కేంద్రానికి దూరంగా ఉన్న ఈ ప్రాంతం 1961 నుంచి సోచిలో భాగమే అయినా, పాత రికార్డులు చాలావరకు విమానాశ్రయాన్ని అడ్లెర్ అనే రాస్తాయి. ఆ పాఠకురాలు అడ్లెర్ పేరుతో దొరికిన 1972 ప్రమాదాన్ని ఒక వరుసలోనూ, సోచి పేరుతో దొరికిన అదే ప్రమాదాన్ని ఇంకో వరుసలోనూ వేశారు. 393కు మరో 109 కలిస్తే 502 అవుతుంది. ఈ తప్పు నేనూ చేశాను కనుక అప్పటి నుంచి తేదీని గానీ ఊరి పేరును గానీ నమ్మి వెతకడం మానేశాను. విమానం తోక మీద ఉండే నమోదు సంఖ్యతో వెతుకుతాను. పత్రికలు పేరును ఎలా రాసినా, అనువాదకులు ఊరిని ఎలా పలికినా ఆర్మావియా విమానం ఈకే-32009, 2016లో పడినది ఆర్‌ఏ-85572. నా నోటు పుస్తకంలో మొదటి గడి దానిదే, తేదీది రెండోది.

ఇక 314కూ 392కూ మధ్య ఉన్న 78 దగ్గరకు వద్దాం. ఈ పాఠమంతా దీని కోసమే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే స్థానిక ప్రమాదాల చరిత్ర రాసేవారిలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పడిన తరువాత కూడా పడ్డామని ఒప్పుకోనిదీ ఇక్కడే.

2001 నాటి విమానం ‘సోచి దగ్గర’ కూలిందని ఎన్నో చోట్ల రాసి ఉంటుంది. అది సోచి నుంచి బయలుదేరలేదు, సోచిలో దిగవలసినదీ కాదు. సుమారు 11 కిలోమీటర్ల ఎత్తున తన దారిన తాను పోతుండగా, క్రిమియాలోని ఓపుక్ అంతరీపం నుంచి సైనిక విన్యాసాలలో ప్రయోగించిన ఎస్-200 క్షిపణి దాన్ని కూల్చిందని పూర్వపు సోవియట్ దేశాల ఉమ్మడి దర్యాప్తు సంస్థ అయిన అంతర్రాష్ట్ర విమానయాన కమిటీ తేల్చింది. శకలాలు పడిన చోటు సోచికి దాదాపు 190 కిలోమీటర్ల దూరం. విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరానికి రోడ్డు మీద దూరం కూడా ఇంచుమించు అంతే. రాజమహేంద్రవరంలో జరిగినదాన్ని విశాఖ దగ్గర జరిగిందని రాస్తే గోదావరి జిల్లాలవారు ఊరుకుంటారా? భూమి మీద అయితే మధ్యలో తుని, అన్నవరం, సామర్లకోట అడ్డుపడి మనల్ని సరిదిద్దుతాయి. సముద్రం మీద మైలురాళ్లు ఉండవు కనుక, నీళ్లలో ఎక్కడ పడినా ఒడ్డున మనకు తెలిసిన ఊరి పేరే దానికి అంటుకుపోతుంది. గాలింపు బృందాలూ దర్యాప్తు బృందాలూ వచ్చి దిగింది సోచిలో కావడంతో వార్తల మీద ఆ ఊరి పేరే పడి, ‘సోచి నుంచి మా విలేకరి’ అన్న మాట కాలక్రమాన ‘సోచి దగ్గర ప్రమాదం’గా మారిపోయింది.

కాబట్టి ‘స్థలం’ అని ఒకే గడి పెట్టుకున్నవారు ఇప్పుడే దాన్ని కొట్టేయండి. విమానం ఎక్కడి నుంచి బయలుదేరింది, ఎక్కడ దిగవలసి ఉంది, ఎక్కడ పడింది, వార్త ఎక్కడి నుంచి వచ్చింది అనే నాలుగూ నాలుగు వేర్వేరు గడులు. 2006 విమానానికి సోచి దిగవలసిన చోటు, పడిన చోటు తీరానికి సుమారు 6 కిలోమీటర్లు. 2016 విమానం మాస్కో పక్కనున్న చ్కాలోవ్‌స్కీ నుంచి వచ్చింది, సోచి మధ్యలో ఆగిన చోటు మాత్రమే, కాని పైకి లేచిన దాదాపు 70 సెకన్లకే తీరానికి కొద్ది దూరంలో పడింది కనుక అది ముమ్మాటికీ సోచి పట్టికలోదే. 2001 విమానానికి సోచి కేవలం నాలుగో గడిలో ఉంటుంది. నాలుగో గడిలో మాత్రమే ఊరి పేరున్న ప్రమాదాన్ని ఆ ఊరి మొత్తంలో కలపకూడదు, పట్టిక కింద విడిగా రాసుకోవాలి. హద్దు ఎంత అని అడుగుతారు. నాది విమానాశ్రయం నుంచి 50 కిలోమీటర్లు. దీనికి శాస్త్రమేదీ లేదు. పైకి లేవడంలోనూ దిగడంలోనూ వచ్చే చిక్కులు చాలావరకు ఆ లోపలే బయటపడతాయన్న అనుభవం మాత్రమే ఉంది. మీరు 40 పెట్టుకున్నా, 60 పెట్టుకున్నా నాకు సమ్మతమే, కాని మొదటి పేజీలో రాసి పెట్టి, నచ్చిన ప్రమాదం వచ్చినప్పుడల్లా సాగదీయకండి.

ఇక్కడ మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2016 జులై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32, నమోదు సంఖ్య కే-2743, 29 మందితో బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. ఆ 29 మందిలో 8 మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో పౌర ఉద్యోగులు. విశాఖ ప్రమాదాల పట్టిక కడుతున్న ఇద్దరు పాఠకులు దీన్ని అందులో చేర్చారు, వారి మనసు నాకు అర్థమవుతుంది. కాని ఆ విమానానికి విశాఖ బయలుదేరిన చోటూ కాదు, చేరవలసిన చోటూ కాదు. ఆ ఊళ్లో ఉన్నది ఆ ఎనిమిది ఇళ్లు. అలాంటి వాటికి నా పుస్తకంలో ‘ఎవరి ఇంట’ అని ఐదో గడి ఉంది. అందులో ఊరి పేరు రాస్తాను, అంకె మాత్రం కూడను.

అదే విమానం గురించి మరొక మెలిక. 2024 జనవరిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి స్వయంచాలిత జలాంతర వాహనం 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటో తీసిందని రక్షణ శాఖ ప్రకటించింది. ఆ చోటు చెన్నై తీరం నుంచి 140 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 310 కిలోమీటర్లు అని ప్రకటనలో ఉంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, 140ని దానితో గుణిస్తే 259 వస్తుంది గాని 310 రాదు. ఇలాంటప్పుడు ఏదో ఒకటి తప్పని తేల్చి మనమే దిద్దేయాలని చెయ్యి తురతురలాడుతుంది. దిద్దకండి. రెండు అంకెలనూ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి, పక్కన ‘పొసగలేదు’ అని రాయండి.

సైనికమా, పౌరమా అన్న గడిలో 2016 సోచి ప్రమాదాన్ని చాలామంది ‘పౌరం’ అని రాశారు. కారణం అడిగితే చనిపోయినవారిలో 64 మంది రష్యా సైన్యపు పాటల బృందమైన అలెగ్జాండ్రోవ్ బృందంవారనీ, తొమ్మిది మంది పాత్రికేయులనీ, సేవా కార్యకర్త ఎలిజవేతా గ్లింకా కూడా ఉన్నారనీ అన్నారు. లోపల ఎవరు కూర్చున్నారన్నది ఈ గడికి సంబంధించిన విషయం కాదు. సైనిక, సుంకాల, పోలీసు పనులకు వాడే విమానాలు ప్రభుత్వ విమానాలని, అంతర్జాతీయ పౌర విమానయానానికి ఆధారమైన షికాగో ఒప్పందం మూడో అధికరణం చెబుతుంది. పౌర విమానాలకూ వాటికీ మధ్య గీత అదే, రక్షణ శాఖ విమానం ‘సైనికం’ వైపునే ఉంటుంది. ఆ గీత ఎందుకు ముఖ్యమంటే, అది దాటగానే దర్యాప్తు చేసేవారు మారతారు, కాగితాలు దొరికే చోటు మారుతుంది. ఆర్మావియా నివేదిక రష్యన్‌లోనూ ఇంగ్లిషులోనూ చదువుకోవడానికి దొరుకుతుంది. రక్షణ శాఖ విమానానికి అలాంటి పూర్తి నివేదిక కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే పట్టిక ముందుకు నడవదు.

314కూ 315కూ ఉన్న తేడా యూటెయిర్ ప్రమాదంలో మరణించిన ఉద్యోగిది. విమానంలో, నేల మీద, సహాయక చర్యల్లో అని మూడు గడులు పెట్టుకుంటే ఈ వాదం అక్కడితో ముగుస్తుంది, ఇంతకన్నా చెప్పనవసరం లేదు.

తేదీ గురించి మాత్రం ఒక మాట. ఆర్మావియా విమానం పడింది స్థానిక కాలమానం ప్రకారం మే 3 తెల్లవారుజామున 2 గంటల 13 నిమిషాలకు. నివేదిక లోపలి సమయాలు సార్వత్రిక కాలమానంలో (యూటీసీ) ఉంటాయి, దాని ప్రకారం అప్పటికింకా మే 2 రాత్రి 10 గంటల 13 నిమిషాలే. యూటెయిర్ విమానం కూడా అంతే, తెల్లవారుజామున 3 కావడానికి కొద్ది నిమిషాల ముందు జరిగింది కనుక ఒక లెక్కలో సెప్టెంబరు 1, మరో లెక్కలో ఆగస్టు 31. స్థానిక చరిత్రకు స్థానిక తేదీయే వాడాలి, రెండోది పెన్సిలుతో పక్కన ఉండాలి.

పెన్సిలు అన్నాను కనుక, కారణం గడిని నేను ఎప్పుడూ సిరాతో నింపను. ఆర్మావియాకు ‘పొగమంచు’ అని రాసినవారు మళ్లీ చదవండి. వాతావరణం అనుమతించిన స్థాయికన్నా దిగువన ఉన్న మాట నిజమే. మేఘాలు కిందికి దిగాయని కంట్రోలర్ దిగడం ఆపించి మళ్లీ పైకి వెళ్లమన్నదీ నిజమే. కాని నివేదిక చెప్పినది, ఆటోపైలట్ తీసేసి రాత్రివేళ పైకి మలుపు తిరుగుతున్నప్పుడు కెప్టెన్ విమానం వాలును గ్రహించే స్పృహ కోల్పోయి ముక్కును కిందికి వంచాడని, సహ పైలట్ తగినంత గమనించలేదని, నేల దగ్గరపడుతోందని పరికరం చేసిన హెచ్చరికకు సిబ్బంది సరిగా స్పందించలేదని. పదేళ్ల తరువాత 2016 ప్రమాదంలోనూ దిక్కు తెలియకపోవడమనే మాటే వచ్చింది. సోచిలో ఒక పక్క కాకసస్ కొండలు, రెండో పక్క సముద్రం; విమానాలు ఎక్కువగా సముద్రం వైపు నుంచే దిగి సముద్రం వైపుకే లేస్తాయి, రాత్రివేళ ఆ వైపు కంటికి ఆనవాలు ఉండదు. అంతమాత్రాన 1972 గడిలో కూడా ఇదే కారణం రాయడానికి వీల్లేదు. అదీ సముద్రంలోనే పడింది కదా అని నలుగురు రాశారు. ఆ ప్రమాదానికి కారణం తేలలేదు. ఆ గడి ఖాళీగానే ఉండాలి.

ఈసారి అభ్యాసం గోవాలోని వాస్కో డ గామా రేవు పట్టణం పక్కనున్న దబోలిమ్. అక్కడి రన్‌వే నౌకాదళానిది, పౌర విమానాలూ దాని మీదే తిరుగుతాయి. నాలుగు ఘటనలు ఇస్తున్నాను: 2002 అక్టోబరు 1న నౌకాదళ స్క్వాడ్రన్ రజతోత్సవంలో ఆకాశంలో ఢీకొన్న రెండు ఇల్యూషిన్-38లు, 2015 మార్చి 24 రాత్రి సముద్రంలో పడిన డోర్నియర్, 2016 డిసెంబరు 27న ఉదయం 5 గంటల ప్రాంతంలో పైకి లేవబోతూ రన్‌వే పక్కకు జారిన జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్-737, 2019 నవంబరు 16న కూలిన మిగ్-29కే. ప్రతిదానికీ స్థలపు గడులు ఐదూ, మరణాల గడులు మూడూ, తేదీలు రెండూ నింపండి; జెట్ ఎయిర్‌వేస్ తేదీని మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసి చూసుకోండి. మొదటిదానిలో రెండు విమానాల్లోని 12 మందీ మరణించారు, నేల మీద కూడా ప్రాణాలు పోయాయి. ఢీకొన్న రెండింటినీ ఒకే వరుసగా రాస్తారా, రెండు వరుసలుగా రాస్తారా అన్నది మీరే నిర్ణయించి, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. వెతికేటప్పుడు మాత్రం జాగ్రత్త: ఇల్యూషిన్-38 పుట్టింది ఇల్యూషిన్-18 లోంచే, పైగా సోచిలో 1972లో అది పడిన తేదీ కూడా అక్టోబరు 1.