బండ కదిపే ముందు: చేతి వించ్ ఎంచుకోవడంలో జాగ్రత్తలు

జేసీబీ దిగలేని చోటే, చేత్తో ఆడించి బరువులు లాగే సాధనమైన చేతి వించ్‌తో పని పడుతుంది. గుట్టవాలులో మామిడి తోట, పక్కవాళ్ల గట్టు మీదుగా తప్ప దారి లేని చేను, ఇంటి వెనక సందు, ఇలాంటివి. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి వైపు చేలల్లో గుండ్లకు కొదవ లేదు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపే వాటిని తీయించేయాలని తొందరపడతాం. ఆ తొందర సబబే. నేల నానితే బండ ఎటు జారుతుందో ఎవరూ చెప్పలేరు. 2021 నవంబరు వానల తర్వాత, డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్న సంగతి మనవాళ్లకు గుర్తే. కాకపోతే తొందరలో చేతికందిన సామానుతో పని కానిచ్చేద్దాం అనుకుంటేనే చిక్కు.

సామాను సంగతి తర్వాత, ముందు బరువు తేల్చుకోండి. గ్రానైటు ఘనపుటడుగు సుమారు 75 కిలోలు. పొడవు, వెడల్పు, ఎత్తు రెండేసి అడుగులున్న దిమ్మ 600 కిలోలు తూగుతుంది. మూడేసి అడుగులైతే రెండు టన్నులు, నాలుగేసి అయితే 4,800 కిలోలు. గుండ్రటి రాయైతే ఇందులో సగం పైచిలుకు వేసుకోవచ్చు. చూడ్డానికి మాత్రం రెండడుగుల రాయికీ మూడడుగుల రాయికీ పెద్ద తేడా ఉన్నట్టుండదు, "నలుగురం పడితే పోదా" అనిపిస్తుంది. పైగా బయటికి కనబడేది ఎంతో, నేలలో ఉన్నది ఎంతో తెలీదు. చుట్టూ తవ్వి అడుగు చూడాల్సిందే. తవ్వేటప్పుడు పల్లపు వైపు మనిషి ఉండకూడదు. రాయి కిందికి చెయ్యి పెట్టే ముందు గడ్డపారతో కెలకండి, తేళ్లకూ రక్తపింజరలకూ అంతకన్నా చల్లటి చోటు ఉండదు.

కింద తల్లిబండకు అతుక్కుని ఉందని తేలితే వించ్ ఆలోచన మానుకోండి. రాయి రాదు, తాడు తెగుతుంది. నన్నడిగితే, అతుక్కుని లేకపోయినా టన్ను దాటిన రాయిని ముందు రాళ్లు కొట్టేవాళ్లతో పగలగొట్టించి ముక్కలుగా లాగడమే మేలు. కూలి ఎక్కువైందని బాధపడినా, కాళ్లూ చేతులూ మిగులుతాయి.

ఇక సామాను. ఎన్ని టన్నులది కావాలని అడిగే ముందు, రాయిని ఎత్తాలా, లాగాలా, వాలులో కిందికి దించాలా అన్నది తేల్చుకోవాలి. మూడింటికీ ఒకటే సామాను పనికిరాదు.

మన ఊళ్లల్లో తేలిగ్గా దొరికేది బోరు మోటారు ఎత్తే మూడుకాళ్ల స్టాండు, దానికి వేలాడదీసి చేతి చైను లాగితే బరువును పైకెత్తే చైన్ బ్లాక్. అది నిట్టనిలువుగా ఎత్తడానికి చేసింది. రాయిని గుంటలోంచి పైకి తీయడానికి బాగానే పనిచేస్తుంది. దాన్నే అడ్డంగా కట్టి పక్కకు లాగితే చైను గాడి తప్పి ఇరుక్కుంటుంది, స్టాండుకు కట్టి ఉంటే స్టాండే పక్కకు పడుతుంది. ఎత్తేటప్పుడైనా మూడు కాళ్ల కింద చిన్న గుంటలు తీసి, కాళ్లన్నిటినీ కలిపి కింద చైనుతో కట్టాలి, లేకపోతే బరువు పడగానే విచ్చుకుంటాయి. చేతి చైనును ఒక్క మనిషి లాగగలగాలి. ముగ్గురు వేలాడితే తప్ప కదలట్లేదంటే బరువు మించినట్టే. బ్రేకు భాగంలో నూనె వేయకండి. అది రాపిడితో పట్టుకునే బ్రేకు, నూనె తగిలితే జారుతుంది.

అడ్డంగా లాగడానికి, లివరు ఆడిస్తే చైను బిగిసే లివర్ హాయిస్ట్ పనికొస్తుంది, కానీ చైను పొడవు తక్కువ, మాటిమాటికీ విప్పి కట్టుకోవాలి. హార్డ్‌వేర్ షాపుల్లో సన్నటి కేబుల్‌తో, డబ్బా మీద రెండు టన్నులు, నాలుగు టన్నులు అని రాసి ఉండే హ్యాండ్ పుల్లర్లు ఉంటాయి. వాటిని కంచె తీగ బిగించడానికి వాడుకోండి. బండకు నేనైతే కట్టను.

దూరం లాగాలన్నా, వాలులో దించాలన్నా టిర్ఫర్ మెషీన్‌ను మించింది లేదు. బావిలో చేద తోడేటప్పుడు రెండు చేతులూ మార్చి మార్చి తాడు పట్టుకున్నట్టు, లోపల రెండు జతల దవడలు వైరు రోపును మార్చి మార్చి పట్టుకుంటాయి. డ్రమ్ము ఉండదు కాబట్టి రోపు ఎంత పొడవైనా ఉండొచ్చు. ముందుకు లాగడానికి ఒక లివరు, మెల్లగా వదలడానికి ఇంకో లివరు ఉంటాయి. 800 కిలోలు, 1.6 టన్నులు, 3.2 టన్నుల సైజుల్లో వస్తుంది. దానికి చెప్పిన మందం రోపే వేయాలి. సన్నదైతే దవడలకు పట్టు దొరకదు. బరువు మించితే లివరులోని పిన్ను తెగుతుంది, అలా తెగేలాగే దాన్ని చేశారు. పిన్ను తెగినా రాయి జారదు, దవడలు పట్టుకునే ఉంటాయి. ఆ చోట మేకు కొట్టి పని సాగిస్తే ఈసారి తెగేది రోపు. లివరుకు పైపు తొడిగి పొడవు పెంచడం కూడా అంతే. అద్దెకు తెచ్చుకుంటే అసలు పిన్నులు స్పేర్ ఉన్నాయో లేదో అక్కడే అడగండి.

సైజు లెక్క: రాయిని నేల మీద ఈడ్చడానికి దాని బరువులో సగం నుంచి దాదాపు పూర్తి బరువంత లాగుడు పడుతుంది. మట్టిలోంచి పెకలే మొదటి క్షణంలో అంతకన్నా ఎక్కువే. అందుకని టన్ను రాయికి రెండు టన్నులకు తగ్గని సామాను చూసుకోండి. కింద దుంగలు గానీ ఇనుప పైపులు గానీ వేస్తే లాగుడు బాగా తగ్గుతుంది, సమతలం మీద మాత్రమే. వాలులో రోలర్లు వేస్తే ఆ రాయిని ఆపడం మీ వల్ల కాదు.

మెషీన్ ఎంత గట్టిదైనా హుక్కు, షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కెం), స్లింగుల్లో (రాయికి చుట్టే బెల్టు లేదా రోపు) ఏది బలహీనమైతే దాని బలమే మొత్తం బలం. హుక్కు నోరు కాస్త తెరుచుకున్నా, తాడు జారిపోకుండా ఆ నోటికి అడ్డుండే నాలుక విరిగినా పక్కన పడేయండి. వైరు రోపుకు ముడతలు, తెగిన తీగలు ఉన్నాయేమో పాత గుడ్డతో నిమిరి చూడండి, గుడ్డ చిక్కుకుంటే తీగ లేచినట్టు. పాలియెస్టర్ బెల్టులకు రంగు గుర్తు ఉంటుంది: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3. రాతి అంచు తగిలే చోట పాత టైరు ముక్క అడ్డం పెట్టకపోతే బెల్టు కోసుకుపోతుంది. మామూలు నైలాన్ మోకు మాత్రం వించ్‌కు కట్టొద్దు. బాగా సాగి, తెగినప్పుడు అంతే వేగంగా వెనక్కి కొడుతుంది.

మెషీన్‌ను కట్టే ఆధారంగా ముదురు చింత, వేప చెట్లు మంచివి. చెట్టు మొదలు దగ్గర, నేలకు దగ్గరగా కట్టాలి. కరెంటు స్తంభం జోలికి పోవద్దు. మధ్యలో కప్పీ వేసి దిశ మారిస్తే, తాడు వెనక్కి తిరిగే చోట కప్పీని కట్టిన చెట్టు మీద లాగుడుకు రెండింతలు పడుతుంది. తాడు మలుపు తిరిగిన లోపలి వైపు ఎవరినీ నిలబడనీయకండి. కప్పీ ఊడితే తాడు అటే వస్తుంది. బిగిసిన రోపు మధ్యలో తడిపిన గోనెసంచి వేలాడదీస్తే తెగినప్పుడు విసురు తగ్గుతుంది. తాడును ఎప్పుడూ దాటొద్దు.

కేక వేసేది ఒక్కరే ఉండాలి. "ఆపు" అని మాత్రం ఎవరన్నా అనొచ్చు, ఎవరు అన్నా సరే ఆపాల్సిందే. పిల్లల్ని ఇంటికి పంపేయండి.

రాయి చేరాల్సిన చోట చేరాక వెంటనే హుక్కు తీయకండి. ముందు పల్లపు వైపు చెక్కదిమ్మలు గానీ రాళ్లు గానీ గట్టిగా కొట్టి, రోపును కొద్దికొద్దిగా వదులు చేస్తూ రాయి కదలట్లేదని చూసి, అప్పుడు తీయండి.