పరాయి పొగ – 3వ పాఠం: తీర్పులోని ఒక వాక్యాన్ని విడగొట్టి చదవడం

పోయిన పాఠంలో ఒప్పందానికీ ప్రకటనకూ తేడా చూశాం. ఆమోదించిన ఒప్పందానికి దేశం కట్టుబడాలి. పర్యావరణం మీద దేశాలు కలిసి చేసిన 1972 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన లాంటివి వాటంతటవే అట్లా కట్టెయ్యవు. అంతవరకు గుర్తుంటే చాలు.

ఈసారి ఒక దేశపు పొగ ఇంకో దేశం మీద పడ్డ ట్రెయిల్ కేసు తీర్పులోంచి ఒక వాక్యం చదువుదాం. పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. ముందు కథ.

కెనడాలో కొలంబియా నది లోయలో ట్రెయిల్ అనే ఊరుంది. అక్కడ సీసం, జింకు కరిగించే ఫ్యాక్టరీకి 1925, 1927లలో 409 అడుగుల పొగగొట్టాలు రెండు లేపారు. గంధకం పొగ లోయ వెంబడి సరిహద్దు దాటి, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పొలాల మీద, చెట్ల మీద పడింది. పొగ వదిలింది ప్రైవేటు కంపెనీ, మునిగింది రైతులు. పంచాయితీకి కూర్చున్నది మాత్రం రెండు ప్రభుత్వాలు. 1935లో ఒప్పందం రాసుకుని, ముగ్గురు మధ్యవర్తుల ముందు పెట్టాయి. 1938లో ఒక తీర్పు, 1941లో తుది తీర్పు వచ్చాయి.

తుది తీర్పులో అందరూ చెప్పుకునే వాక్యం సారం ఇది: తన నేలను మరో దేశపు నేలకు గానీ, అక్కడి ఆస్తులకు, మనుషులకు గానీ పొగతో హాని కలిగేలా వాడుకునే హక్కు, వాడనిచ్చే హక్కు ఏ దేశానికీ లేదు, ఆ హాని తీవ్రమైనదై, స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో రుజువైనప్పుడు.

నాలుగు మాటల కింద గీత గీయండి: ‘వాడనిచ్చే’, ‘మరో దేశపు’, ‘తీవ్రమైనదై’, ‘రుజువైనప్పుడు’.

‘వాడనిచ్చే’ అన్న ఒక్క మాటతో కంపెనీ చేసిన పని ప్రభుత్వం మెడకు చుట్టుకుంది. రెండో, మూడో మాటలు చదివితే చాలు, వాటంతటవే తెలుస్తాయి. అసలు కిటుకు నాలుగో దాంట్లో ఉంది. పరీక్షలకు చదివే పిల్లలు ‘హక్కు లేదు’ దాకా బట్టీ పట్టి అక్కడే ఆగుతారు, నాకు అదే చిరాకు. 1938లో అమెరికాకు దక్కింది 78,000 డాలర్లు: సాగు భూములకు 62,000, అడవి భూములకు 16,000. పశువులకు, నార్త్‌పోర్ట్ పట్నంలో దెబ్బతిన్న ఆస్తులకు, నదిలో కలిసిన చిట్టానికి (లోహం కరిగించాక మిగిలే మడ్డికి) కూడా అడిగారు. రుజువు చాలలేదని పైసా ఇవ్వలేదు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా చిన్నాయన గుర్తొస్తాడు. వలిగొండ దిక్కు మూసీ కాల్వ కింద ఆయనకు మడి ఉంది. నీళ్లు వదిలిన రోజు తూము దగ్గర సబ్బు గిలక్కొట్టినట్టు తెల్లటి నురుగు పొంగుతుంది. మడిలోంచి గట్టెక్కినంక బోరు నీళ్లతో కాళ్లు కడిగితే గానీ దురద ఆగదు. ఒకసారి దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు పోయాడు. “ఏ తారీకు? శాంపిల్ ఏది?” అన్నారట. ఆయన దగ్గరున్నది గోక్కున్న కాళ్లే. ట్రెయిల్ వాక్యంలోని నాలుగో మాట ఆయనకు ఆ బల్ల దగ్గరే ఎదురైంది.

అట్లని మూసీకి ట్రెయిల్ సూత్రం పెట్టొద్దు. అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా అది తెలంగాణలోనే పారుతుంది. రెండో మాట దగ్గరే ఆగిపోతాం. ఇలాంటివాటికి 1974 నీటి కాలుష్య చట్టం, 2010 చట్టంతో వచ్చిన, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉన్నాయి.

ఇప్పుడు మీ వంతు. నోట్‌బుక్‌లో రెండు జవాబులు రాయండి. ఒక్కోటి రెండు వాక్యాలు దాటొద్దు.

ఒకటి: నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు బోర్లలో ఫ్లోరైడ్ నేల కింది రాళ్లలోంచి నీళ్లలోకి దిగింది. నాలుగు మాటల్లో మొదట ఏది తప్పిపోతుంది?

రెండు: కృష్ణమ్మ కర్ణాటక దాటి తంగడి దగ్గర పాలమూరు నేల మీదికి వస్తుంది. పైనుంచి మురికి వస్తే ట్రెయిల్ వాక్యం పనికొస్తుందా? జవాబు రాసేముందు ‘మరో’ పక్కనున్న మాటను ఇంకోసారి చూసుకోండి.