షార్ట్‌కట్ నొక్కినా ఎడిటర్ పలకడం లేదా?

కోడ్ రాసుకునే ఎడిటర్ విఎస్ కోడ్‌లో షార్ట్‌కట్ పనిచేయకపోతే పిల్లలు ముందు కీబోర్డు పోయిందని కంగారు పడతారు. చాలాసార్లు అది కాదు. ధవళేశ్వరంలో నీళ్లు వదిలినా శివారు పొలానికి చేరలేదంటే పైన ఎక్కడ మళ్లాయో చూస్తాం కదా, ఇక్కడా అంతే. మీరు నొక్కిన కీని ఎడిటర్ కంటే ముందే విండోసో, ల్యాప్‌టాపో పట్టేసుకుని ఉంటుంది.

సమస్య: కోడ్ మధ్యలో తెలుగు అక్షరాలు పడుతున్నాయి

అమలాపురంలో నా దగ్గర పైథాన్ నేర్చుకుంటున్న బీటెక్ అమ్మాయి మొన్న 'ప్రింట్' అని ఇంగ్లిష్‌లో కొడితే తెర మీద 'జీగలూ' అని పడింది. మర్నాడే ల్యాబ్ ఎగ్జామ్. "నేనేం మార్చలేదండి, లైను కిందకి కాపీ చేద్దామని నొక్కానంతేనండి" అంది టెన్షన్‌గా.

కారణం ఆ నొక్కడంలోనే ఉంది. లైను కాపీకి షిఫ్ట్ + ఆల్ట్ + కింది బాణం నొక్కాలి. అందులో షిఫ్ట్, ఎడమవైపు ఆల్ట్ కలిస్తే విండోస్‌లో భాష మారుతుంది. బాణం దాకా వేలు వెళ్లకముందే చెయ్యి తీసేస్తే అంతే సంగతులు. వాళ్ల బాబాయి అర్జీలు టైప్ చేసుకోడానికి ఆ ల్యాప్‌టాప్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక పెట్టుకున్నారట.

అప్పటికప్పుడు బయటపడాలంటే విండోస్ కీ + స్పేస్ నొక్కండి. మళ్లీ రాకూడదంటే విండోస్ 11 సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరవండి. చేంజ్ కీ సీక్వెన్స్‌లో 'నాట్ అసైన్డ్' పెట్టండి. తెలుగు తీసేయక్కర్లేదు, బాబాయిగారు విండోస్ కీ + స్పేస్‌తో మార్చుకుంటారు.

సమస్య: ట్యాబ్ కొడితే లైను లోపలికి జరగడం లేదు

కొత్త ఫైలు కోసం కంట్రోల్ + ఎన్ నొక్కబోయి పక్కనున్న ఎమ్ నొక్కారు. కింది పట్టీలో 'ట్యాబ్ మూవ్స్ ఫోకస్' అని కనిపిస్తుంది. అంటే ట్యాబ్ కొడితే లైను జరగదు, కర్సరు ఎడిటర్‌లోని వేరే గడికో బటన్‌కో వెళ్లిపోతుంది. కంట్రోల్ + ఎమ్ మళ్లీ నొక్కండి, సరిపోతుంది.

సమస్య: ఎఫ్2 కొడితే సౌండ్ తగ్గుతోంది

పై వరస కీలు ల్యాప్‌టాప్ సొంత పనులకు వెళ్లిపోయాయి. ఎఫ్‌ఎన్ పట్టుకుని ఎఫ్2 కొట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ + ఎస్కేప్‌తో ఇది శాశ్వతంగా మారుతుంది. ఇబ్బందిగా ఉందని ఎఫ్2ని మాత్రం వదిలేయకండి. ఒక వేరియబుల్ (కోడ్‌లో విలువ దాచుకునే పేరు) పేరును, ఆ వేరియబుల్ వాడిన చోటల్లా ఎఫ్2 మారుస్తుంది. ఫైండ్ రీప్లేస్ అయితే 'రేటు' అనే వేరియబుల్‌తో పాటు కొటేషన్లలో ఉన్న 'రేటు' మాటను కూడా మార్చేస్తుంది. ఆ తప్పు వెతకడానికి పూట పడుతుంది.

ఇవేవీ కాకపోతే

కంట్రోల్ + కె, వెంటనే కంట్రోల్ + ఎస్ నొక్కండి. షార్ట్‌కట్ల పట్టిక వస్తుంది. వెతికే గడి పక్కన ఉన్న కీబోర్డు బొమ్మ నొక్కి, మీకు పలకని షార్ట్‌కట్ కొట్టి చూడండి. ఆ కీలు ఏ కమాండ్‌కి ఉన్నాయో, అవి ఎడిటర్‌వో, మీరు అదనంగా వేసుకున్న ఎక్స్‌టెన్షన్‌వో వరసగా చూపిస్తుంది. అక్కర్లేని వరస మీద రైట్ క్లిక్ చేసి 'రిమూవ్ కీబైండింగ్' కొట్టండి.