స్పితికి పికప్ తీస్తున్నారా? కమాన్లు మార్చే ముందు బండిని కాటా ఎక్కించండి

జూన్ వస్తోందంటే హిమాచల్‌లో స్పితి లోయకు దారిచ్చే కుంజుం కనుమ ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పికప్ వేసుకుని, వెనక బెడ్డులో టెంటూ స్టవ్వూ పెట్టుకుని, స్పితి లోయలో నాలుగు రాత్రులు గడిపి రావాలన్న కోరిక మంచిదే. వెళ్ళి తీరాల్సిన చోటే. కానీ బయల్దేరే ముందు నెలలో జరిగే పనులు చూస్తేనే నాకు టెన్షన్. ముందు షాపుకెళ్ళి గట్టి కమాన్లు (వెనక బరువు మోసే స్టీలు పట్టీల స్ప్రింగులు) వేయిస్తారు, ముందువైపు బండిని పైకెత్తే రెండంగుళాల లిఫ్టు పెట్టిస్తారు, పైన రూఫ్ టెంటు బిగిస్తారు, ఇక ఎంతైనా మోస్తుందిలే అని ఇంట్లో కనిపించిందల్లా ఎక్కిస్తారు. ఇది తలకిందుల పద్ధతి. ముందు సామాను తేల్చుకోండి, దాన్ని తూచండి, ఆ అంకె చేతిలో పెట్టుకుని సస్పెన్షన్ సంగతి చూడండి. సామాను తగ్గించుకున్నాక చాలా బళ్ళకి కొత్త కమాన్ల అవసరమే ఉండదు.

తూచడం పెద్ద పనేం కాదు. ఏ రైస్ మిల్లు దగ్గరో, కంకర క్వారీ దారిలోనో లారీలు తూచే వేబ్రిడ్జి ఉంటుంది. ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి, ప్రయాణంలో తీసుకెళ్ళే సామానంతా ఎక్కించి, వచ్చేవాళ్ళందరినీ కూర్చోబెట్టి వెళ్ళండి. మూడు తూకాలు వేయించండి: ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉన్నప్పుడు ఒకటి, బండి మొత్తం ఎక్కినప్పుడు ఒకటి, వెనక చక్రాలు మాత్రమే ఉన్నప్పుడు ఒకటి. బండి మీద కంపెనీ అతికించిన ప్లేటులో మొత్తం ఎంత బరువు దాటకూడదో ఉంటుంది, చాలా బళ్ళలో ఏ యాక్సిల్ (రెండువైపుల చక్రాలను కలిపే ఇరుసు) మీద ఎంతో కూడా ఉంటుంది, దానితో పోల్చుకోండి. మోసే కెపాసిటీ అంటే సామాను ఒక్కటే అనుకుంటాం గానీ మనుషులు కూడా అందులోకే వస్తారు. 70 కేజీల మనిషి నలుగురెక్కితే 280 కేజీలు అక్కడే అయిపోయాయి. బెడ్డు మీద వేయించిన ఫైబర్ కప్పు, ముందు బిగించిన ఇనుప బంపర్, పైన క్యారియర్ ఇవన్నీ కూడా ఆ లెక్కలోవే.

బరువు ఎంత అన్నది ఒక సంగతైతే ఎక్కడ పెట్టారన్నది ఇంకో సంగతి, నన్నడిగితే ఇదే పెద్దది. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌నే తీసుకోండి, దాని ముందు వెనక చక్రాల మధ్య దూరం 3,095 మిల్లీమీటర్లు. వెనక యాక్సిల్ దాటి ఒక మీటరు వెనక్కి, అంటే దాదాపు వెనక తలుపు దగ్గర, 100 కేజీలు పెట్టారనుకోండి. వెనక చక్రాల మీద పడేది 100 కాదు, 132 కేజీలు. ఆ పైన 32 ముందు చక్రాల మీద నుంచి లేచిపోయిన బరువు. స్టీరింగు తేలిపోతుంది, తడి మలుపులో ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలోకి కొడతాయి. అందుకే నీళ్ళ క్యాన్లు, టూల్‌బాక్సు, బ్యాటరీ లాంటి బరువైనవి క్యాబిన్ గోడకు ఆనించి, కింద, వెనక యాక్సిల్‌కు ముందు వచ్చేలా పెట్టాలి. దుప్పట్లు, టెంటు, బట్టలు వెనక్కి పోనివ్వండి. నీళ్ళు చేతికందాలని వెనక తలుపు పక్కనే పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది, అది మాత్రం వదిలేయండి.

ఇక కమాన్లు. కమాను కట్టకు ఒక పట్టీ ఎక్కువ వేయిస్తే బండి బలపడుతుందన్నది నిజమే, అయితే ఆ బలం బరువు ఉన్నప్పుడే పనికొస్తుంది. ఏడాదిలో పది రోజులు సామానుతో, మిగతా రోజులు ఖాళీగా ఆఫీసుకెళ్ళే బండికి గట్టి కట్ట వేస్తే, ఖాళీ బెడ్డుతో గతుకుల్లో వెనక చక్రాలు నేలను వదిలి గెంతుతాయి, బ్రేకు కొట్టినప్పుడు పక్కకు జారుతుంది. ఎప్పుడూ బండి మీదే ఉండే బరువును బట్టి కమాను ఎంచుకోవాలి. ఫైబర్ కప్పు, సామాను పెట్టే సొరుగులు శాశ్వతంగా బిగించి ఉన్నాయా, అప్పుడు గట్టి కట్ట సబబే. లేదంటే కంపెనీ కమాన్లే ఉంచి, పాతబడిన షాక్ అబ్జార్బర్లు (బండి ఊపును ఆపే గొట్టాలు), వాటి రబ్బరు బుష్‌లు మార్చుకుంటే డబ్బూ మిగులుతుంది, ప్రయాణమూ సుఖంగా ఉంటుంది. ఒక చిన్న కొలత తీసుకోండి: చక్రం మధ్య నుంచి దాని పైనున్న రేకు (ఫెండర్) అంచు దాకా టేపు పెట్టి ఖాళీగా ఒకసారి, సామానుతో ఒకసారి. వెనక బాగా కుంగి ముందు పైకి లేచిందంటే మొదట సామాను సర్దుబాటు చూడండి, అప్పటికీ కుంగితేనే కమాన్ల మాట. కమాన్ల మధ్య గాలి బ్యాగులు పెట్టి ఎత్తేయడం సులువుగా కనిపిస్తుంది గానీ, అవి బరువును ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మీద ఒకే చోట నొక్కుతాయి. వెనక చివర ఎక్కువ బరువుండి గుంతల్లో పదేపదే పడితే అక్కడ ఛాసిస్ వంగిన, పగిలిన బళ్ళు ఉన్నాయి. పాత మోడల్ పికప్‌లు కొన్నింటిలో వెనక ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకు ఒత్తిడిని పెంచే వాల్వు ఒకటి ఉంటుంది, వెనక ఎత్తు పెంచేస్తే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. మీ బండికి అది ఉందో లేదో మెకానిక్‌ని ఖచ్చితంగా అడగండి.

కమాన్లు విప్పి బిగించిన ఏ బండికైనా కమాన్ కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయించాలి, ఒకసారి బిగింపులో సాగినవి మళ్ళీ వాడొద్దు. మెకానిక్ పైపు తగిలించి ఊపిరిబిగబట్టి లాగితే సరిపోదు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన లెక్కకే బిగించాలి. బిగించాక ఒక పని చేయండి: నట్టు మీద నుంచి కింది ప్లేటు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. నట్టు కొంచెం తిరిగినా ఆ గీత విరిగినట్టు కనిపిస్తుంది, మోకాళ్ళ మీద వంగి టార్చి వేస్తే చాలు. కొత్త కట్ట మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటుంది, నట్లు వదులవుతాయి, 500 కి.మీ. తిరిగాక మళ్ళీ బిగించాల్సిందే. యూ బోల్టు వదులైతే యాక్సిల్ అటూఇటూ కదిలి, కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు తెగుతుంది. అది తెగిందా, వెనక యాక్సిల్ పక్కకు జరిగి బండి వంకరగా నడుస్తుంది. ఈ పనులన్నీ ప్రయాణానికి నెల ముందే ముగించి, పూర్తి సామానుతో శ్రీశైలం ఘాటో పాడేరు ఘాటో ఒకసారి ఎక్కి దిగి రండి. స్ప్రింగు కొత్తగా వేయించుకుని మర్నాడే మనాలీకి బయల్దేరడం వద్దు.

ముందువైపు లిఫ్టు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను, స్పితికి అది అక్కర్లేదు. రెండంగుళాలు దాటితే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టుల కోణం, చక్రాన్ని పట్టి ఉంచే పై బాల్ జాయింట్ల కోణం దెబ్బతింటాయి, అలైన్‌మెంట్ కుదరక టైర్లు ఒకపక్కే అరుగుతాయి. చట్టం సంగతి కూడా ఉంది: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చేసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేదీ ఇదే.

షాక్ అబ్జార్బర్ల మీద చెయ్యి పెట్టి చూడటం నేర్చుకోండి. కంకర రోడ్డు మీద అలల్లా లేచిన గతుకుల్లో గంటసేపు నడిపితే అవి కాలిపోయేంత వేడెక్కుతాయి, లోపలి నూనె పలచబడి ఊపును ఆపలేకపోతాయి. నాలుగూ దాదాపు ఒకేలా వేడెక్కాలి. ఒకటి మాత్రం చల్లగా ఉందంటే అది పని చేయడం లేదని అర్థం. చెయ్యి నేరుగా ఆనించకుండా ముందు దగ్గరగా పెట్టి చూసుకోండి. షాక్ అబ్జార్బర్ మీద నూనె కారి దుమ్ము గట్టిగా అట్టకట్టి ఉంటే బయల్దేరే ముందే మార్చేయాలి. గతుకుల దారిలో టైరు గాలి 25 పీఎస్‌ఐ దగ్గరికి దించి, స్పీడు కూడా దించండి, సగం దెబ్బలు టైరే మింగేస్తుంది. తారురోడ్డు రాగానే మళ్ళీ నింపుకోవాలి కాబట్టి చిన్న కంప్రెసర్ తప్పనిసరి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గేజులో గాలి పెరిగినట్టు చూపిస్తుంది, చలికి తగ్గుతుంది, ఈ రెండూ కొంత కొట్టేసుకుంటాయి గనక అంచనా వేయకుండా పొద్దున్నే గేజు పెట్టి చూడండి.

సామాను విషయానికొస్తే, మనవాళ్ళ బళ్ళలో బరువంతా వంటగది నుంచే వస్తుంది. పది కేజీల బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, గాజు సీసాల్లో నెయ్యీ పొడులూ, పెద్ద కుక్కరు, ఇనుప పెనం, రెండు బర్నర్ల స్టవ్వు, సిలిండరు. ఇద్దరు మనుషులకి వారానికి మూడు కేజీల బియ్యం చాలు. ఊరగాయ చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి, నెయ్యి ప్యాకెట్లో. వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, పెసరపప్పు, కందిపొడి, ఇవి తేలిక, త్వరగా అవుతాయి. కందిపప్పు మోసుకెళ్ళకండి, 4,000 మీటర్ల ఎత్తులో నీళ్ళు 87 డిగ్రీల లోపే మరుగుతాయి, గిన్నెలో పెడితే గంటైనా ఉడకదు, గ్యాసు దండగ. అందుకే అన్నానికి కూడా రెండు లీటర్ల చిన్న కుక్కరు మాత్రం ఉంచండి. గ్యాసు క్యాన్లు కొనేటప్పుడు వట్టి బ్యూటేన్‌వి వద్దు, గడ్డకట్టే చలిలో అది సరిగ్గా ఆవిరి కాదు, మంట తగ్గిపోతుంది. ప్రొపేన్ కలిసినవి తీసుకోండి.

నీళ్ళు లీటరుకు కేజీ. ఇద్దరికి 20 లీటర్లు ఉంటే చాలు, లోసర్, కాజా, టాబో అన్నిచోట్లా నింపుకోవచ్చు. అదనపు డీజిల్ డబ్బాలు పైన కట్టుకుని వెళ్ళడం నాకు అస్సలు నచ్చదు. మనాలీ నుంచి కాజాకు సుమారు 200 కి.మీ., కాజాలో బంకు ఉంది. మీ ట్యాంకు 55 లీటర్లే అయినా, లీటరుకు 8 కి.మీ. మాత్రమే వచ్చినా 440 కి.మీ. పోతారు. మనాలీలో ఫుల్ చేయించండి, అంతే. ఆ డబ్బా చోటులో ఒక గట్టి పార, సాగే లాగుడు తాడు ఒకటి, తాడును బండికి తగిలించే ఇనుప కొక్కేలు (షాకిల్స్) రెండు, జాకీ కింద పెట్టే చెక్క, పంచర్ కిట్టు పెట్టుకోండి. తాడును ఛాసిస్ మీద రేటింగు ఉన్న హుక్కుకే తగిలించాలి, ట్రైలర్ తగిలించే ఇనుప బంతికి ఎప్పుడూ కాదు, అది ఊడి బుల్లెట్‌లా ఎగిరి మనుషుల్ని చంపింది. లాగేటప్పుడు తాడు దారిలో ఎవరూ నిలబడకూడదు.

రూఫ్ టెంటు 50 కేజీలు దాటుతుంది, అంత బరువు బండి నెత్తిన పెట్టుకుని పక్కకు వాలిన దారిలో వెళ్తే బోల్తా ప్రమాదం పెరుగుతుంది. నేల మీద వేసే టెంటు మూడు నాలుగు కేజీలు. చలి కింద నుంచి వస్తుంది కాబట్టి మంచి మ్యాట్ మీద ఖర్చు పెట్టండి, ఇంట్లో రజాయిలు రెండు మడిచి పెట్టడం దాని పని చేయదు. సామానంతా లీవరుతో బిగుసుకునే ర్యాచెట్ బెల్టులతో బిగించాలి, సాగే రబ్బరు తాళ్ళు వద్దు. క్యాబిన్‌లో వదులుగా ఏదీ ఉండకూడదు.

ఇక కొండ సంగతి. మనాలీ 2,050 మీటర్లు, కుంజుం దగ్గరి చంద్రతాల్ చెరువు సుమారు 4,250. ఒక్కరోజులో అక్కడికి చేరి పడుకుంటే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి, పిల్లలకైతే మరీ ఇబ్బంది. షిమ్లా, రాంపూర్, రికాంగ్ పియో, నాకో, టాబో మీదుగా నెమ్మదిగా ఎక్కి కాజా చేరి, చివర్లో చంద్రతాల్ చూసి మనాలీ వైపు దిగడం మంచిది. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు వెంట వస్తే రికాంగ్ పియో నుంచి టాబో దాకా దారికి వాళ్ళకు పర్మిట్ కావాలి, ముందే తీయించండి. చంద్రతాల్ 2005 నుంచి రామ్‌సర్ (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన) చిత్తడి నేల, చెరువు గట్టున టెంటు వేయనివ్వరు, దూరంగా కేటాయించిన చోటే వేయాలి. దారిలో వాగులు మధ్యాహ్నానికి మంచు కరిగి ఉప్పొంగుతాయి, వాటిని తెల్లవారే దాటేయండి. 2023 జూలైలో అకాలంగా మంచు కురిసి చంద్రతాల్ దగ్గర 250 మందికి పైగా రోజుల తరబడి చిక్కుకుపోయారు, అందుకని రెండు రోజుల తిండి, మందులు అదనంగా ఉంచుకోండి. టెంటులోపల గానీ, తలుపులేసిన బండిలో గానీ స్టవ్వు, బొగ్గుల కుంపటి వెలిగించవద్దు, ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవద్దు. చలికి తట్టుకోలేక చేసే ఈ పనులే విషవాయువుతో ప్రాణం తీస్తాయి.

రోజూ పొద్దున ఇంజిన్ వేయకముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరగండి. యూ బోల్టు గీతలు, కమాన్ పట్టీల్లో పగుళ్ళు, షాక్ అబ్జార్బర్ల బుష్‌లు, టైర్ల పక్కగోడలు, వీల్ నట్లు. పగిలిన పట్టీ కనిపిస్తే సామాను సగం దించి వేరే బండిలోకి ఎక్కించి, కాజా దాకా మెల్లగా, పది పదిహేను కిలోమీటర్ల వేగంతో నడపండి. ఆ లోయలో రిపేరు దొరికే చోటు అదే.