పొట్టలో నీరు చేరితే ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని

స్కానింగ్‌లో మా నాయన పొట్టలో నీరుందని తేలగానే మా ఇంట్లో అందరూ అడిగింది ఒకటే: "ఆ నీళ్లు తీయించేస్తే చాలదా?" చాలదు. ఎందుకు ఊరుతోందో తెలుసుకుని దానికి మందు వాడకపోతే తీసిన నీరు మళ్లీ ఊరుతుంది. తిరుపతి కొర్లగుంటలో నాకు టిఫిన్ అంగడి ఉంది. మా నాయనను చూసుకునేది నేనే. మందులు రాయడం డాక్టర్ల పని, ఇంట్లో జరగాల్సింది మన పని.

ఈ నీటికి ఎక్కువమందిలో కారణం లివర్ గట్టిపడటం, అంటే సిర్రోసిస్. పేగుల నుంచి వచ్చే రక్తం గట్టిపడిన లివర్‌లోంచి సాఫీగా పోలేక వెనక ప్రెషర్ పెరుగుతుంది. కిడ్నీలేమో ఉప్పునీ నీటినీ బయటికి పంపకుండా పట్టుకుంటాయి. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా తగ్గుతుంది. తాగుడు, హెపటైటిస్ బి, సి, ఫ్యాటీ లివర్ వీటన్నిటితోనూ లివర్ అలా అవుతుంది. మా నాయన చుక్క ముట్టని మనిషి, ఆయనకు షుగరూ ఫ్యాటీ లివరూ. అయినా చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "బాగా తాగేవాడా?" అని నా చెవిలో అడిగి పోయారు. గుండె బలహీనపడినా, కిడ్నీల్లోంచి ప్రోటీన్ పోతున్నా, పొట్టలో టీబీ ఉన్నా, క్యాన్సర్ ఉన్నా నీరు చేరొచ్చు. ఆడవాళ్లకైతే అండాశయం కూడా చూపించాలి.

అందుకే మొదటిసారి నీరు కనబడినప్పుడు సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారా అని అడగండి. రక్తంలోని అల్బుమిన్‌లోంచి ఆ నీటిలోని అల్బుమిన్ తీసేస్తే తేడా 1.1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, లివర్ వైపు ప్రెషర్ వల్లే అని డాక్టర్లు అనుకుంటారు. ఇన్ఫెక్షన్ కోసం కణాలు లెక్కపెడతారు, టీబీ అనుమానముంటే ఆ నీటిలోనే ఏడీఏ అనే పరీక్ష చేస్తారు. ఊళ్లో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, చిత్తూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకి కూడా పోతారు. ఎక్కడికి పోయినా పాత రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకుని పోండి.

ఇక ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదన్నారు, అంటే తలకొట్టిన చిన్న చెంచాడు. పాలు, కూరగాయల్లో ఎంతోకొంత సోడియం ఎలాగూ ఉంటుంది కాబట్టి, నేను పొద్దున్నే ముప్పాతిక చెంచా కొలిచి ఒక కుంకుమ భరిణెలో పోసి పెడతాను. ఆ రోజు నాయన వంటకు అదే ఉప్పు, అయిపోతే ఇక లేదు. ఊరగాయ, అప్పడం, వడియాలు, కారప్పొడి, బేకరీ బిస్కెట్లు బంద్. నా అంగడి టిఫిన్ కూడా ఆయనకు పెట్టను. ఇడ్లీ పిండిలో, చట్నీలో, సాంబారులో మూడుచోట్లా ఉప్పు పడుతుంది, బోండాలో వేసే వంటసోడా కూడా సోడియమే. పిండి పులిశాక ఉప్పు కలపకముందే ఒక గిన్నెడు పక్కకు తీస్తాను. చెనక్కాయలు దోరగా వేయించి, పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి నూరి నిమ్మకాయ పిండితే ఉప్పు లేదని నాలుకకు పెద్దగా తెలియదు. "లో సోడియం" ఉప్పు మాత్రం కొనకండి. దాంట్లో పొటాషియం ఉంటుంది, ఈ నీరు తగ్గడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ మాత్రతో కలిస్తే గుండెకే ప్రమాదం.

నీళ్లు తాగడం మానిపించాలని చాలామంది అనుకుంటారు. రక్తంలో సోడియం బాగా పడిపోయినప్పుడే, సాధారణంగా 125 కన్నా తగ్గితేనే, డాక్టర్లు నీళ్లు తగ్గించమంటారు. పస్తులు పెట్టడం అంతకన్నా తప్పు, కండ కరిగిపోతుంది. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి, పడుకునే ముందు కొంచెం సంగటో పాలో ఇవ్వండి.

రోజూ పొద్దున ఒంటికి పోయొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. మాత్రలు పనిచేస్తుంటే కాళ్ల వాపు లేనివాళ్లకు రోజుకు అర కిలో దాకా, వాపున్నవాళ్లకు కిలో దాకా తగ్గొచ్చు. అంతకన్నా వేగంగా తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. బొడ్డు మీదుగా టేపుతో చుట్టుకొలత కూడా రాస్తే మంచిదే గానీ, నాకు బరువు లెక్కే నమ్మకం. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పినంతే.

మాత్రలకు లొంగకపోతే, ఆయాసం వస్తుంటే ట్యాపింగ్ చేస్తారు, అంటే సూదితో నీరు బయటికి తీస్తారు. ఒకేసారి 5 లీటర్లు దాటి తీస్తే లీటరుకు 6 నుంచి 8 గ్రాముల లెక్కన అల్బుమిన్ ఎక్కిస్తారు. ఆ సీసాలు ఖరీదు, ఆసుపత్రిలో ఉన్నాయా, బయట కొనాలా అని ముందురోజే కనుక్కోండి. మళ్లీ మళ్లీ తీయాల్సి వస్తుంటే లివర్ మార్పిడి గురించి అడగడానికి మొహమాటపడొద్దు. మన రాష్ట్రంలో అవయవం కోసం ఎదురుచూసేవాళ్ల పేర్లు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకంలో నమోదవుతాయి.

జ్వరం, పొట్టనొప్పి, నల్లటి విరేచనం, రక్తవాంతి, ఒంటికి సరిగా పోకపోవడం, పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబడటం. వీటిలో ఏది కనబడినా పొద్దున ఓపీకి పోదాంలే అని ఆగకండి. రాత్రి ఎంతైనా క్యాజువాలిటీకే పోవాలి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.