తిరుపతిలో పెంపుడు కుక్కకు లైసెన్సు: దరఖాస్తు విధానం

కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్లలో చాలామంది టీకా దాకా వస్తారు, లైసెన్సు దగ్గర ఆగిపోతారు. మన ఇంట్లో మన కుక్క ఉంటే కార్పొరేషన్‌కేం పని అనుకుంటారు. కేంద్రం 2023 మార్చిలో తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థలది. పెంపుడు కుక్క టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మాత్రం పూర్తిగా యజమాని బాధ్యతే. లైసెన్సు తీసుకోవాల్సిందీ యజమానే. పైగా లైసెన్సు కుక్కకే ఎక్కువ మేలు చేస్తుంది. గేటు తీసి ఉన్నప్పుడు వీధిలోకి పోయిన కుక్కకు మెడపట్టీ, లైసెన్సు టోకెన్ లేకపోతే, బండి వేసుకొచ్చిన పట్టేవాళ్లకు అది వీధికుక్కే.

ఎక్కడ ఇవ్వాలి

ముందు మీ ఇంటిపన్ను రసీదు చూడండి. దాని మీద తిరుపతి నగరపాలక సంస్థ అని ఉంటే అర్జీ కమిషనర్ పేరిట రాసి, మీ వార్డు సచివాలయంలో గాని, కార్పొరేషన్ ఆఫీసులోని ప్రజారోగ్య విభాగంలో గాని ఇవ్వాలి. రసీదు పంచాయతీదైతే పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. నగరం శివారు కాలనీల్లో ఉన్నవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఉత్తరాలు తిరుపతి చిరునామాకే వస్తున్నా, ఇల్లు పంచాయతీలో ఉండవచ్చు. చిత్తూరులో ఉంటే చిత్తూరు కార్పొరేషన్‌లో తీసుకోవాలి. ఒక ఊరి లైసెన్సు ఇంకో ఊళ్లో చెల్లదు కాబట్టి ఇల్లు మారితే కొత్తగా దరఖాస్తు చేయాలి.

మొదటి మెట్టు టీకా

దరఖాస్తు నిలబడేది, పడిపోయేది రేబిస్ టీకా ధ్రువపత్రం దగ్గరే. దీన్ని సరిగ్గా తెచ్చుకుంటే మిగతా పని సులువు.

కుక్కపిల్లకు రేబిస్ టీకా మొదటి మోతాదు మూడు నెలల వయసులో వేస్తారు. మూడు నాలుగు వారాలకు బూస్టర్, ఆ తర్వాత ఏడాదికోసారి. ఆరేడు వారాల వయసులో మొదలుపెట్టే 'సెవెన్ ఇన్ వన్', 'నైన్ ఇన్ వన్' టీకాలు డిస్టెంపర్, పార్వో వంటి జబ్బులకు. వాటిలో సాధారణంగా రేబిస్ ఉండదు. "అన్ని టీకాలూ వేయించాం" అని ఆ పుస్తకం పట్టుకొచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. తీరా చూస్తే రేబిస్ గడి ఖాళీగా ఉంటుంది. దరఖాస్తు వెనక్కి రావడానికి మొదటి కారణం ఇదే.

ధ్రువపత్రం మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ, డాక్టరు సంతకం, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 1984 నాటి భారతీయ పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్య ధ్రువపత్రం మీద సంతకం పెట్టే హక్కు రిజిస్టరైన పశువైద్యులకే ఉంది. మందుల షాపులో టీకా కొని ఎవరిచేతనో పొడిపిస్తే కాగితం రాదు, వచ్చినా చెల్లదు. ఇంకో సంగతి, రేబిస్ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి. మే నెల ఎండలో సీసాను జేబులో వేసుకుని బండి మీద తెస్తే, సూది పడుతుంది గాని రక్షణకు భరోసా ఉండదు. సీసా మీది స్టిక్కర్‌ను డాక్టరు పుస్తకంలో అంటిస్తారు. అది అంటించారో లేదో అక్కడే చూసుకోండి.

టీకాకు ప్రభుత్వ పశువైద్యశాలకు గాని, పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రికి గాని తీసుకెళ్లవచ్చు. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినోత్సవం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. ఆ రోజు రద్దీ ఎక్కువ, వచ్చిన కుక్కలన్నీ ఒకదాన్నొకటి చూసి మొరుగుతుంటాయి. గొలుసు, మూతిబుట్ట లేకుండా వెళ్లకండి. శిబిరంలో వేసిన టీకాకు కూడా పుస్తకంలో పూర్తి వివరాలు రాయించుకోవాలి. ఉత్త స్టాంపు కొట్టి ఇస్తే లైసెన్సుకు పనికిరాదు.

టీకా వేసిన రోజే రక్షణ వచ్చేయదు. శరీరంలో రోగనిరోధక శక్తి తయారు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోగా కుక్కపిల్లను వీధికుక్కల మధ్య వదలకండి.

కాగితాలు

యజమాని ఆధార్ నకలు, చిరునామా రుజువుగా ఇంటిపన్ను రసీదో కరెంటు బిల్లో, టీకా పుస్తకం నకలు (అసలు చూపడానికి వెంట ఉండాలి), కుక్క ఫోటోలు రెండు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి ఉంటే ఆ ధ్రువపత్రం. బయటి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంటుంది. వాళ్లు అద్దె ఒప్పందం, ఆ ఇంటి కరెంటు బిల్లు కలిపి ఇవ్వాలి. ఇంటి యజమానితో రెండు వాక్యాల అంగీకార పత్రం రాయించుకుంటే తర్వాత పేచీ ఉండదు.

ఫోటోల్లో ఒకటి ముఖానిది. రెండోది కుక్క నిలబడి ఉండగా పక్క నుంచి తీసింది, తోక దాకా కనపడాలి. మంచం కింద పడుకున్న ఫోటో, ఒళ్లో ముద్దు చేస్తున్న ఫోటో గుర్తింపుకు పనికిరావు.

టీకా పుస్తకంలో యజమాని పేరు, అర్జీలో పేరు ఒకటే ఉండాలి. భర్త ఆసుపత్రికి తీసుకెళ్లి తన పేరు రాయిస్తాడు, భార్య తన ఆధార్‌తో దరఖాస్తు చేస్తుంది. అక్కడ ఆగిపోతుంది. దరఖాస్తు ఎవరి పేరిట అనేది టీకా రోజే తేల్చుకోండి.

అర్జీలో ఏం రాయాలి

ఆఫీసులో ఫారం ఇస్తే అదే నింపండి. లేకపోతే తెల్లకాగితం మీద రాసిచ్చినా ఈ వివరాలన్నీ ఉండాలి: యజమాని పేరు, ఇంటి నంబరు, వార్డు, ఫోను, కుక్క పిలుపు పేరు, జాతి, ఆడదా మగదా, పుట్టిన నెల, రంగు, గుర్తులు, రేబిస్ టీకా తేదీ, బ్యాచ్ నంబరు, ఆపరేషన్ అయిందా లేదా, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్) ఉంటే దాని 15 అంకెల నంబరు. గుర్తులు నిజంగా గుర్తుపట్టేలా రాయండి. "గోధుమ రంగు" అంటే ఊళ్లో సగం కుక్కలు అవే. "గోధుమ రంగు, కుడి ముందుకాలు పాదం తెలుపు, ఎడమ చెవి కొస చీలిక" అని ఉంటే తప్పిపోయినప్పుడు దొరుకుతుంది.

వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న కుక్క అయితే జాతి గడిలో "నాటు" అని నిర్భయంగా రాయండి. నాటు కుక్క మన ఎండకు తట్టుకుంటుంది, తక్కువ ఖర్చుతో ఆరోగ్యంగా పెరుగుతుంది. దాన్ని ఇంటికి తెచ్చుకోవడాన్ని మనస్ఫూర్తిగా ప్రోత్సహించాలి. కొని తెచ్చుకునేవాళ్లు మాత్రం 8 వారాలు నిండని పిల్లను తీసుకోకండి. 2017 నాటి పెంపక నియమాలు దాన్ని నిషేధించాయి. తల్లి దగ్గర ఉండాల్సిన కాలం తగ్గిన పిల్ల బలహీనంగా ఉంటుంది, కరిచే అలవాటు కూడా తొందరగా పట్టుకుంటుంది.

రుసుము కుక్కకు ఇంత అని ఉంటుంది. ఎంతో ముందే అడిగి, కట్టిన మొత్తానికి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టకండి. అర్జీ అందినట్టు నంబరు అడిగి రాసుకోండి. పని కదలకపోతే ఆ నంబరుతో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అడగవచ్చు.

సిబ్బంది ఇంటికొస్తే వాళ్లు చూసేవి మామూలు సంగతులే: గేటు మూసి ఉంటుందా, కుక్కకు నీడ, నీళ్లు ఉన్నాయా, పక్కవాళ్ల ఫిర్యాదు ఉందా. రోజంతా పొట్టి గొలుసుతో కట్టేసిన కుక్క చిరాకుతో కరిచేదిగా మారుతుంది. వాళ్ల ప్రశ్న వేధింపు కాదు.

లైసెన్సు చేతికొచ్చాక

టోకెన్‌ను బీరువాలో పెట్టకండి, మెడపట్టీకి బిగించండి. పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. పిల్ల పెరిగే కొద్దీ నెలకోసారి సడలించాలి, లేకపోతే చర్మంలోకి దిగి పుండవుతుంది.

అలిపిరి, జీవకోన, యూనివర్సిటీల వైపు ఉన్నవాళ్లు రాత్రి కుక్కను బయట కట్టేయకండి. శేషాచలం అడవి నుంచి దిగే చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం. దాని కోసం వచ్చిన చిరుత మీ వీధి దాకా వస్తుంది. వేసవిలో తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగాన్ని ఐదు సెకన్లు ఉంచి చూడండి. మీకు కాలితే దాని పాదాలూ కాలతాయి. ఉదయం ఏడు లోపే తిప్పండి, మలం ఎత్తడానికి కవరు వెంట ఉండాలి. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడి ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు ఈ పొద్దుటి నడకే పెద్ద వరం. కుక్క కోసమైనా లేస్తారు, నడుస్తారు, వీధిలో నలుగురితో మాట్లాడతారు.

లైసెన్సున్న కుక్కైనా ఎవరినైనా కరిస్తే, గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. బాధితుడిని వెంటనే రుయా వంటి ప్రభుత్వాసుపత్రికి పంపాలి. మీ కుక్కకు టీకా ఉందని వాళ్ల టీకాను ఆపమనకండి. ఆ నిర్ణయం డాక్టరుది. కుక్కను పది రోజులు ఇంట్లోనే కట్టి గమనించండి. తిండి మానినా, గొంతు మారినా, నడక తడబడినా పశువైద్యుడికి చెప్పాలి. అజాగ్రత్తగా వదిలేసి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ముసలిదయిందనో జబ్బు చేసిందనో కుక్కను ఊరి బయట వదిలేయడం కూడా 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే.

గడువు తేదీ లైసెన్సు మీదే ఉంటుంది. దానికి నెల ముందు టీకా వేయించుకునేలా చూసుకుంటే పునరుద్ధరణకు మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు. కుక్కను వేరేవాళ్లకు ఇచ్చేస్తే ఇద్దరి సంతకాలతో పేరు మార్పుకు రాయండి. చనిపోతే టోకెన్ తిరిగిచ్చి, లైసెన్సు నంబరు వేసి రెండు వాక్యాలు రాసివ్వండి. లేకపోతే రికార్డులో అది బతికే ఉన్నట్టు ఉంటుంది.